డక్కలోళ్ల గుడిసె కాడ చాయ్ వద్దన్న, ఇగ సువార్త ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?

పాకాల_తమ్ముడు:

అందరికి వందనాలు. మాది నర్సంపేట దిక్కు ఒక ఊరు. తాతల కాలం సంది బాప్టిస్టు సంఘం, సంఘంల ఉన్నోళ్లం అందరం మాదిగోళ్లమే, దాచేదేం లేదు.

మా చెరువు కట్ట కింద మూడేండ్ల సంది ఎనిమిది డక్కలి కుటుంబాలు కవర్లు కప్పిన గుడిసెలేసుకొని ఉంటున్నయి. తెలవనోళ్ల కోసం చెప్తున్న, డక్కలోళ్లంటె మాదిగలనే అడుక్కునే ఆశ్రిత కులం, బొమ్మల పటం చూపిచ్చుకుంట మాదిగల పుట్టుక కథ జాంబపురాణం చెప్తరు, కిన్నెర వాయిస్తరు. ఊరు మమ్మల్ని దూరం పెట్టింది, మేము వాళ్లను దూరం పెట్టినం. మా నాయనమ్మ చెప్పేది, వాళ్లొస్తె వాడ బయటనే దిగాలెనట, గడప తొక్కొద్దట, నీళ్లడిగితె పైనుంచి పోసేటోళ్లట. అదే నాయనమ్మ దొర ఇంటి ముంగట దోసిలి పట్టి నీళ్లు తాగిన సంగతి చెప్పుకుంట కండ్లల్ల నీళ్లు పెట్టుకునేది. రెండు ముచ్చట్లు ఒక్క నోటితోనే చెప్పేది, రెండిట్ల ఉన్నది ఒక్కటే అని ఆమెకు ఎన్నడు అనిపియ్యలే, నాకు సుత మొన్నటిదాక అనిపియ్యలే.

మొన్న క్రిస్మస్ ముందు క్యారల్స్‌కు తిరుగుకుంట యూత్ తొమ్మిది మందిమి కట్ట కిందికి పోయినం. పోదామన్నది నేనే. పాటలు అయినంక ఒక అవ్వ మూడు రాళ్ల పొయ్యి మీద సత్తు గిన్నెల చాయ్ పెట్టింది. ఆమె కాడ ఉన్నయే రెండు స్టీలు గ్లాసులు, మాకు కనపడేటట్టు రెండుసార్లు కడిగింది, కొంగుతోని తుడిచింది, ఒకటి నింపి నా చేతికియ్యబోయింది. నేను "ఇప్పుడే తాగొచ్చినం అవ్వా" అన్న. పొద్దటి సంది ఎవ్వలం తాగలేదు. ఆమె ఏమనలే, "మీరు తాగరని ఎరికే బిడ్డా, ఒట్టిగ అడిగిన" అని ఆ గ్లాసు మనుమనికిచ్చింది. తర్వాత నేను లూకా 2వ అధ్యాయం తీసి గొర్రెల కాపరుల భాగం చదివిన, నోరు చదువుతున్నది కని కండ్లు ఆ పోరడు ఊదుకుంట తాగే గ్లాసు మీదనే ఉన్నయి. ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఇప్పుడు సంగతి ఏందంటె ఆ గుడిసెలకెల్లి ఇద్దరు పిల్లలు సండే స్కూల్‌కు వస్తున్నరు, ఒక అక్క బాప్తిస్మం అడుగుతున్నది. సంఘ పెద్దలేమో వాళ్లకు కట్ట కాడనే వేరే ప్రార్థన పెడదాం అంటున్నరు. ఎందుకంటె అసలు భయం ప్రభు బల్ల కాడ, అంటె గుడిల అందరికి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే కాడ. మా దగ్గర ఒక్కొక్కలకు చిన్న చిన్న కప్పులే ఇస్తరు, అయినా సరే ఒకాయన "కడిగేటప్పుడు అన్ని కప్పులు కలుస్తయి కదా" అన్నడు, మీటింగ్‌ల ఒక్కరు మాట్లాడలే, నేను సుత మాట్లాడలే.

మీల ఎవరికన్నా ఇది అనుభవం ఉంటె చెప్పుర్రి. పెద్దలకేం చెప్పాలె అన్నది తర్వాత, ముందుగాల నాలోపల ఉన్నది ఎట్ల పోతది? తప్పు అని తెలుసు, వాక్యం తెలుసు, గ్లాసు కాడికి వచ్చేసరికి చెయ్యి లేస్తలేదు.

హంటర్‌రోడ్_బ్రదర్:

తమ్ముడూ నీ బాధ అర్థమైంది కానీ కొంచెం నిదానంగా పో. నేను చూసిన ఒక సంఘంల ఇసొంటి పంచాయితే పెద్దగై సగం మంది వేరే షెడ్ ఏసుకొని పోయిన్రు, ఇప్పటికి ఒకల పెండ్లికి ఒకలు పోరు. కొన్నొద్దులు కట్ట కాడనే ప్రార్థన పెట్టుర్రి, వాళ్లు వాక్యంల బలపడుతరు, మీవోళ్లకు అలవాటైతది, తర్వాత కలపొచ్చు. సంఘం పగిలితె ఆ అక్కకు సుత మంచిది కాదు కదా.

డోర్నకల్_పాత_విద్యార్థి:

హంటర్‌రోడ్ బ్రదర్ గారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ "తర్వాత కలపొచ్చు" అన్న చోట కలిపింది నా నలభై ఏళ్ల పరిచర్యలో నేను చూడలేదండి. వేరే పెట్టిన ప్రార్థన వేరే గుడి అవుతుంది, వేరే గుడికి వేరే సమాధుల దొడ్డి అవుతుంది. మాల గుడి, మాదిగ గుడి అని రెండున్న ఊళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

బాబూ, నువ్వు ఏసు శిష్యుడు పేతురు సంగతి మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదువు. అపొస్తలుల కార్యాలు 9 చివర్లో ఆయన యొప్పేలో దిగింది ఎవరింట్లో? సీమోనను చర్మకారుని ఇంట్లో. తోలు పని చేసేవాడి ఇల్లు, యూదుల లెక్కలో మైల పడే పని. అంటే మన తాతల పని. ఆ ఇంటి మిద్దె మీదే ఆయనకు దుప్పటి దర్శనం వచ్చింది, యూదులు తినని జంతువులున్న దుప్పటి పైనుంచి దిగి, చంపి తిను అన్న మాట వినబడింది. తోలు పనివాడి ఇంట్లో ఉండగలిగిన మనిషి కూడా మూడుసార్లు వద్దు ప్రభువా అన్నాడు! ఒక మెట్టు దిగినంత మాత్రాన ఇంకో మెట్టు దానంతట అదే దిగలేదు. తర్వాత కైసరయకు పోయి యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో కొన్ని రోజులున్నాడు. యెరూషలేముకు తిరిగొచ్చాక అక్కడివాళ్లు పెట్టిన తగువు ఏమిటో 11వ అధ్యాయం 3వ వచనంలో ఉంది చూడు, వాళ్లకెందుకు ప్రసంగించావు అని కాదు, వాళ్లతో కలిసి ఎందుకు తిన్నావు అని. మీ పెద్దల తగువూ అదే కదా, కట్ట కింద సువార్త చెప్పొద్దని ఎవరూ అనలేదు.

అంతా చూసిన పేతురే అంతియొకయలో మళ్లీ జారాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే అన్యజనులతో తినడం మానేసి పక్కకు తప్పుకున్నాడు, పౌలు అందరి ముందే నిలదీశాడు (గలతీ 2). అందుకని నీ చెయ్యి లేవలేదని మరీ కుంగిపోకు, కానీ మీటింగులో మాట్లాడకుండా ఊరుకున్నావే, అది మాత్రం మళ్లీ చేయకు.

ఇంకో సంగతి, మీది బాప్టిస్టు సంఘం కాబట్టి పెద్దలకు ఒంగోలు క్లౌ దొర, ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ పేరు తెలిసే ఉంటుంది. 1866లో ఆయన ఒంగోలు వచ్చిన కొత్తలో పెద్ద కులాల వాళ్లు బడికి సాయం చేస్తామన్నారు, పిల్లల్ని పంపారు. ఈలోపు తోళ్ల వ్యాపారం చేసే మాదిగాయన ఎర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రాం అన్నారు పెద్ద కులాల వాళ్లు. ఆ రాత్రి దొర, దొరసాని ఎవరికి వారు వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1వ అధ్యాయమే వచ్చిందని, లోకంలో ఎన్నికలేని వాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న ఆ మాటలు చదివి పేరయ్య మనుషుల్నే చేర్చుకున్నారని క్లౌ స్వయంగా రాసుకున్నాడు. ఆ రోజు ఆయన "వీళ్లకు పల్లెలోనే వేరే ప్రార్థన పెడదాం" అని ఉంటే మీ తాతలు ఎక్కడ, మా తాతలు ఎక్కడ? ఈ ఒక్క ప్రశ్న మీ మీటింగులో అడుగు బాబూ.

ఇందూరు_అక్క:

తమ్మీ, లోపలున్నది ఎట్ల పోతదని అడిగినవు కదా, మా అమ్మ ముచ్చట చెప్త. మా అమ్మ డిచ్‌పల్లి కుష్టు ఆస్పత్రిల పుండ్లు కడిగి కట్లు కట్టే పని చేసింది. ఆ ఆస్పత్రి 1915ల డాక్టర్ ఇసబెల్ కెర్ అనే దొరసాని, ఆమె భర్త కలిసి పెట్టిన్రు, రాజా నర్సాగౌడ్ అనే హిందూ పెద్దమనిషి దానికి సాయం చేసిండు, ఇది కూడ మర్చిపోవద్దు, మనసున్నోళ్లు మన సంఘంలనే ఉంటరని లేదు.

అమ్మ చేరిన కొత్తల డ్యూటీ దిగినంక అన్నం కలుపుకోలేకపోయేదట, చెంచాతోని తినేదట. మందు మొదలుపెట్టినోళ్ల నుంచి ఆ రోగం అంటుకోదని నర్సులు చెప్పిన్రు, ఆమె నమ్మింది సుత, కని చెయ్యి నమ్మలే. నీకు జరిగిందే. ఒకనాడు వేళ్లు పోయిన ఒక పెద్దాయన కట్టు కట్టించుకుంట "అమ్మా నీ చెయ్యి చల్లగున్నది, ఇంట్లోళ్లు నన్ను ముట్టక పదకొండేండ్లాయె" అన్నడట. అమ్మ కట్టు అయిపోయినంక కూడ ఆ చెయ్యి ఇడవలేదు, కొద్దిసేపు అట్లనే పట్టుకొని కూసున్నదట. ఆ రోజు నుంచే చెంచా బంద్ అయిందా అని నేనడిగితె కాదు, ఇంకో నెల పట్టింది అన్నది. నాకు ఆ నెల అన్న మాటనే ఇష్టం. రోజు పోయి రోజు ముట్టుకుంటెనే పోయింది, ప్రార్థన చేసి ఇంట్ల కూసుంటె పోలే. నువ్వు సుత ఆ అవ్వ కాడికి మల్ల పో, క్యారల్స్‌కు తొమ్మిది మంది గుంపుతోని కాదు, ఒక్కనివే పో.

కిన్నెర_మెట్లు:

అన్నా నేను డక్కలి. జనగామ దిక్కు పుట్టిన, ఇప్పుడు హన్మకొండల పని చేసుకుంటున్న. నీ పోస్ట్ చదివి రెండు రోజులు ఊకున్న, రాయాల్నా వద్దా అని.

ఆ అవ్వ "మీరు తాగరని ఎరికే" అన్నదంటె కోపంతోని కాదు. మాకు పుట్టినప్పటి సంది నేర్పుతరు, అడగాలె కని ఆశ పెట్టుకోవద్దని. మా అమ్మ గూడ గట్లనే అనేది.

మా కాడికి ఒక బైబిల్ అమ్మ వచ్చేది, మీ మాదిగామెనే. మొదటి రోజు పొద్దున్నే వచ్చింది, మా అమ్మ జొన్న గటక తింటున్నది, ఆమె పక్కన కింద కూసొని "నాకు ఇంతపెట్టు వదినా, ఆకలైతుంది" అన్నది. మా అమ్మ బిత్తరపోయింది, వేరే గిన్నె లేదు, తను తినే గిన్నెలనే సగం జరిపింది. ఆమె తిన్నది, పచ్చిపులుసు బాగుందని ఇంకింత పోయించుకున్నది. రెండు నెలలు గట్లనే వచ్చింది, ఏసు పేరు ఎత్తలేదు. ఆఖరికి మా అమ్మనే అడిగింది, నువ్వెవలు, మీ కులపోళ్లు ఎవ్వలు తినంది నువ్వెందుకు తింటున్నవ్ అని. అప్పుడు చెప్పింది, బావి కాడ సమరయ స్త్రీని ఆయన నీళ్లడిగిన కథ. మా అమ్మ ఆ కథ ఇప్పటికి చెప్తది, కని ముందు గటక సంగతి చెప్పినాకనే.

ఇంకో మాట కూడ చెప్పాలె, బాధతోని చెప్తున్న. తర్వాత వచ్చిన ఒక పాస్టర్ మా నాయినను పటం కాలవెట్టు, కిన్నెర ఇడువు, అది సైతాను కథ అన్నడు. మా నాయినకు ఏడు తరాల కథ అది, అన్నం పెట్టింది అది. నాయిన పటాన్ని బియ్యం సంచిల చుట్టి దాచుకున్నడు, మల్ల గుడి మొకం చూడలే, చచ్చిపోయేదాక. ఆ కిన్నెరతోనే ఏసయ్య పాట వాయించమంటె వాయించేటోడు కావొచ్చు, అడిగినోళ్లు లేరు.

ఆ అక్కకు బాప్తిస్మం ఇచ్చే ముందు కులం సర్టిఫికెట్ సంగతి గూడ ఉన్నదున్నట్టు చెప్పుర్రి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అంటె హిందువులు, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు, క్రైస్తవులను కలపలే. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక్క శాతమే రిజర్వేషన్. మీకు ఇది అందరికి తెలిసిన ముచ్చటనే, మాకు తెల్వదు, స్థిరమైన ఊరు లేక అసలు సర్టిఫికెట్ దొరకుడే మాకు కష్టం. చెప్పకుండ ముంచకుర్రి. విన్నంక గూడ ఆమె వస్త అంటె, మీ గుడిల మీ చాప మీదనే కూసోవెట్టుర్రి, వేరే చాప అయితె వద్దు, ఆ పిల్లలు చూస్తనే ఉంటరు.

డోర్నకల్_పాత_విద్యార్థి:

కిన్నెర గారూ, మీ నాయన గారి విషయంలో సంఘం చేసిన తప్పుకు ఒక పాస్టరుగా నేను మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను. మా డోర్నకల్ అజరయ్య గారు గుర్తొచ్చారు. తిరునల్వేలి నాడార్ ఇంట్లో పుట్టిన మనిషి, ఆ కులాన్నీ ఒకప్పుడు గుళ్లలోకి రానివ్వలేదు. తెలుగు నేర్చుకుని మన మధ్య బతికాడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల మొహం మీదే చెప్పాడు, మీ ఆస్తి పేదలకు ఇచ్చారు, మీ శరీరాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. ఇప్పుడు ఆ మాట మనల్ని అడిగేవాళ్లు చెరువు కట్ట కింద ఉన్నారు.

పాకాల_తమ్ముడు:

అందరికి థ్యాంక్స్. కిన్నెర అన్నా, నీ పోస్ట్ మూడుసార్లు చదివిన, మా అమ్మకు సుత చదివి వినిపించిన.

నిన్న పొద్దుగూకంగ ఒక్కన్నే పోయిన. బైబిల్ తీస్కపోలే. అవ్వ బయటనే ఉన్నది, ప్లాస్టిక్ సీసాలు ఏరి సంచిల నింపుతున్నది. "అవ్వా ఆ రోజు అబద్ధం చెప్పిన, ఇయ్యాల చాయ్ పోస్తవా" అన్న. కొద్దిసేపు నా మొకమే చూసింది. పాలు లేవు, బెల్లం చాయ్ అన్నది, సరే అన్న. అదే గ్లాసు, ఈసారి ఒక్కసారే కడిగింది. నిజం చెప్తున్న, మొదటి గుక్కకు గొంతు పట్టేసింది, పొగ వాసన వచ్చింది, రెండో గుక్కకు చాయ్ లెక్కనే ఉన్నది. నేను తాగుతుంటె ఆమె రెండో గ్లాసుల పోసుకొని నా ఎదురుంగ కూసున్నది. ఆ రోజు మేమున్నంతసేపు నిలవడే ఉన్నది, అది నాకు నిన్ననే యాదికొచ్చింది.

సర్టిఫికెట్ ముచ్చట ఆ అక్కకు చెప్పిన, ఆలోచించుకొని చెప్త అన్నది. సండే స్కూల్ల చాప ఒక్కటే చేసినం, దానికి మా అమ్మనే కొట్లాడింది.

ఆదివారం పెద్దల మీటింగ్ ఉన్నది, ఈసారి మాట్లాడుత. కప్పుల సంగతి తీసిన పెద్దాయన నాకు వరుసకు తాత అయితడు, ఇయ్యాల పొద్దున ఇంటికి పోయి నాతోని కట్ట కిందికి రా తాతా అని అడిగిన. చానసేపు బీడీ తాగుకుంట కూసున్నడు, "వస్త గని చాయ్ మాత్రం తాగమని అనకు" అన్నడు. అననని చెప్పిన. రేపు సాయంత్రం పోతున్నం.