ఎయిదుర్ గుడ్యోన్‌సెన్ 2006లో చెల్సీ వదలడం తప్పా?

నీలి జెర్సీ: ఐస్‌లాండ్ స్ట్రైకర్ ఎయిదుర్ గురించి ఆఫీసులో మొదలైన గొడవ ఇది, ఇక్కడైనా తేలుతుందేమో చూద్దాం. నా మాట సూటిగా చెప్తున్నా, అతను లండన్ క్లబ్బు చెల్సీ వదిలి స్పెయిన్ క్లబ్బు బార్సిలోనాకు వెళ్లకుండా ఉండాల్సింది. చెల్సీలో ఆరేళ్లు, అన్ని టోర్నీలూ కలిపి 263 మ్యాచ్‌లు, 78 గోల్స్, వరుసగా రెండు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు. 2001-02లో తోటి స్ట్రైకర్ హాసెల్‌బైంక్‌, అతనూ కలిసి 52 గోల్స్ కొట్టారు. బార్సిలోనాలో మూడేళ్లున్నా లీగ్ గోల్స్ మొత్తం 10. సొంత ఊళ్లో మోతుబరి పక్క ఊళ్లో పాలేరుగా చేరినట్టు అయింది.

కాంప్‌నౌ కుర్రాడు: బ్రదర్, 2005-06 లెక్క తెలివిగా దాటేశావు! ఆ సీజన్ లీగ్‌లో అతను కొట్టింది రెండంటే రెండు గోల్స్. చెల్సీ కోచ్ మొరీన్యో అప్పటికే అతన్ని మిడ్‌ఫీల్డ్‌లోకి దించేశాడు. ముందు స్ట్రైకర్లుగా ద్రోగ్బా, క్రెస్పో ఉన్నారు. ఆ వేసవిలోనే స్ట్రైకర్ షెవ్‌చెంకో, మిడ్‌ఫీల్డర్ బల్లాక్ కూడా వచ్చారు. ఉండుంటే ఏం చేసేవాడు? బెంచీ వేడి చేసేవాడు. బార్సిలోనాలో మొదటి సీజన్‌లో మాత్రం అక్కడి స్ట్రైకర్ ఎటో మోకాలికి దెబ్బ తగలడంతో నెలల తరబడి సెంటర్ ఫార్వర్డ్ అతనే. 2006 అక్టోబర్ 31న బార్సిలోనా మైదానం కాంప్‌నౌలో చెల్సీ మీదే గోల్ కొట్టాడు. చెల్సీ గోల్‌కీపర్ పెట్ర్ చెక్ తలకు గాయమై లేడు, గోల్‌లో హిలారియో. చివర్లో ద్రోగ్బా సమం చేసి 2-2 చేశాడు, అది వేరే సంగతి.

వైజాగ్ వింగర్: ఒక్క మ్యాచ్ పట్టుకుని మూడేళ్లు గట్టెక్కిస్తావా తమ్ముడూ? 2007లో ఫ్రాన్స్ స్ట్రైకర్ ఆంరీ వచ్చాక ఇతని పని మిడ్‌ఫీల్డ్‌లో ఖాళీలు పూడ్చడం. 2009లో రోమ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద బార్సా గెలిచింది కదా, ఆ రాత్రి ఎయిదుర్ బెంచీ మీదే ఉన్నాడు, ఒక్క నిమిషం కూడా దిగలేదు. కప్పుల లెక్కలో మూడు టైటిళ్ల సీజన్ అతనికీ వస్తుంది, సరే. కానీ ఆడినవాడి కప్పూ చూసినవాడి కప్పూ ఒకటేనా?

పాత స్కోర్‌బోర్డు: మీరంతా 2006 నుంచి మొదలు పెడుతున్నారు. కొంచెం వెనక్కి రండి. 1996 ఏప్రిల్లో తాలిన్‌లో ఎస్టోనియాతో ఐస్‌లాండ్ మ్యాచ్. రెండో సగంలో తండ్రి అర్నోర్ బయటికొస్తే, అతని స్థానంలో 17 ఏళ్ల ఎయిదుర్ దిగాడు. ఇద్దరినీ కలిపి సొంతగడ్డ మీద ఆడించాలని ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ సంఘం అనుకుంది. నెల తిరక్కుండానే జూనియర్ మ్యాచ్‌లో కుర్రాడి చీలమండ విరిగింది. నెదర్లాండ్స్ క్లబ్బు పీఎస్‌వీలో బ్రెజిల్ రొనాల్డోతో పాటు ఎదుగుతున్నవాడు దాదాపు రెండేళ్లు పోగొట్టుకుని, ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని కేఆర్ క్లబ్బుకు వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లండ్ క్లబ్బు బోల్టన్‌తో మళ్లీ మొదలుపెట్టాడు. అంత జరిగాక, 27 ఏళ్లకు బార్సిలోనా పిలిస్తే, బెంచీ భయంతో వద్దనాలా? నేనైతే అననండి. వెళ్లడం తప్పు కాదు. ఆంరీ దిగిన వేసవిలోనే సర్దుకుని బయటపడకపోవడం తప్పు. 28 ఏళ్లు, ఏ మంచి క్లబ్బైనా స్ట్రైకర్‌గా తీసుకునేది. ఇంకో రెండేళ్లు ఉండి 30 దాటాక మొనాకో క్లబ్బుకు వెళ్తే, ఫ్రెంచ్ లీగ్‌లో ఒక్క గోల్ కూడా రాలేదు.

నీలి జెర్సీ: అంటే మొనాకో, టాటెన్‌హామ్, స్టోక్, ఫుల్హామ్, ఏథెన్స్, బెల్జియంలో రెండు క్లబ్బులు... ఈ తిరుగుళ్లన్నీ ఆ బార్సా ఏళ్ల ఫలమే కదా మాస్టారూ! మీరూ నా దారికే వస్తున్నారు.

పాత స్కోర్‌బోర్డు: రావట్లేదు. ఏథెన్స్‌లో కాలు విరగడానికి బార్సాకు ఏం సంబంధం?

బాలేవాడి బ్యాచ్: మా పుణె సిటీ జట్టు 2016 ఇండియన్ సూపర్ లీగ్‌కు (ఐఎస్ఎల్) అతన్ని మార్క్యూ (స్టార్) ఆటగాడిగా తెచ్చుకుంది, గుర్తుందా? అప్పుడు నా ఉద్యోగం అక్కడే. బాలేవాడి స్టేడియంలో చూద్దామని ఫ్రెండ్స్‌ని కూడా ఒప్పించాను. సీజన్ మొదలవకముందే గాయం, బదులు మిడ్‌ఫీల్డర్ సిస్సోకో వచ్చాడు. ఆ కడుపుమంటతో చెప్తున్నా, చెల్సీలోనే ఉండాల్సింది!

కాంప్‌నౌ కుర్రాడు: హహ, ఆ వాదన మాత్రం చెల్లదు అన్నా. క్లబ్బుల గొడవ పక్కనపెట్టి దేశం జట్టు చూడండి. 88 మ్యాచ్‌లు, 26 గోల్స్. ఆ గోల్స్ రికార్డును మరో ఐస్‌లాండ్ ఆటగాడు గిల్వి సిగుర్డ్‌సన్ దాటింది 2023లో. 2013లో జాగ్రెబ్‌లో క్రొయేషియా చేతిలో ప్రపంచకప్ అర్హత ప్లేఆఫ్ ఓడినప్పుడు ఇక చాలనుకుని టీవీ ముందు ఏడ్చేశాడు. అయినా 37 ఏళ్ల వయసులో 2016 యూరో కప్‌కు వెళ్లాడు. హంగరీ మీదా ఫ్రాన్స్ మీదా సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. బార్సిలోనా ఇతన్ని పాడు చేసుంటే ఇన్నేళ్లు ఆడేవాడా?

వైజాగ్ వింగర్: ఆడాలన్న ఆశ ఎవరు కాదన్నారు? అడుగుతున్నది గోల్స్ సంగతి. 2006 నుంచి 2009 దాకా ఏ స్థానంలో ఎన్ని మ్యాచ్‌లు మొదటి నుంచీ ఆడాడో సీజన్ వారీగా ఎవరైనా ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.