"బొంకుచేఁ బారము": పారమా, భారమా?

లండన్ తెలుగు:
అందరికీ నమస్కారం. ఒక పద్యం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. ఇక్కడ ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన, ఎడిత్ కావెల్ అనే నర్సు విగ్రహం దగ్గర, ప్రతి బుధవారం సాయంత్రం 6 నుంచి 7 దాకా కొందరు ఆడవాళ్ళు నల్లబట్టలు వేసుకుని మాటా పలుకూ లేకుండా నిలబడతారు. 'విమెన్ ఇన్ బ్లాక్' అని పేరు. గాజాలో యుద్ధం ఆపాలని పోయిన వారం నేనూ వెళ్ళి నిలబడ్డాను. చేతిలో అట్ట, ఎదురుగా బస్సులు. ఒకతను ఆగి, పెదాలు కదుపుతూ అట్ట మీద ఉన్నది చదువుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు మా తాతయ్య గొంతు చెవిలో పడింది: "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు". భారతంలో కృష్ణుడు కౌరవసభకు వెళ్ళిన రాయబారంలో తిక్కన పద్యం, అందులో అనుమానం లేదు. వచ్చే బుధవారం దీన్నే తెలుగులో రాసి పట్టుకుందామని ఉంది. కానీ తాతయ్య రెండో పాదం "భారముఁ బొందలేక" అని ఎత్తుకునేవారు, నా దగ్గరున్న జిరాక్సులో "బారముఁ" అని ఉంది. ఏది రాయాలి? ఇంకొకటి కూడా: ఈ 'దక్షులు' ఎవరు? నిలబడ్డ మేమా, చూసి వెళ్ళిపోయినతనా, అసలు ఆపగలిగిన పెద్దలా?

అరసున్న:
పద్యం ముందుంటే మాట్లాడుకోవడం తేలిక.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడున్

పాపం వల్ల ధర్మం, అబద్ధం వల్ల సత్యం ఒడ్డు చేరలేక చెడిపోతుంటే, ఆపగలిగీ ఊరుకున్నవాళ్ళకే అది చేటు; ధర్మాన్ని, సత్యాన్ని కాపాడడానికి దైవం ఉండనే ఉంది అని తాత్పర్యం.

'బారము'లో వత్తు లేదమ్మా. మాట 'పారము', అంటే అవతలి ఒడ్డు. 'చే' ద్రుతాంతం, అంటే చివర 'న్' చేరే మాట, కాబట్టి ప కాస్తా బ అయింది. మొదటి పాదంలోనే 'సత్యముఁ బాపముచేత' ఉంది చూడండి, అక్కడ కూడా అదే సంధి. దాన్ని 'భాపము' అని ఎవరూ చదవరు కదా.

గుడివాడ:
వ్యాకరణం సరే. కానీ 'భారము' పాఠాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. యతికి ఇబ్బంది లేదు, భా–బా చక్కగా కుదురుతుంది. పాపం, అబద్ధం నెత్తినెక్కితే ఆ బరువు కింద ధర్మం కుంగిపోయింది అంటే బొమ్మ కళ్ళకు కడుతుంది. వాళ్ళ తాతగారి తరం పుస్తకం పట్టుకుని చదివినవాళ్ళు కాదు, గొంతుతో నేర్చుకున్నవాళ్ళు. ఆ గొంతుల్లో నిలిచిన పాఠానికీ ఒక విలువ ఉంటుంది.

అరసున్న:
భారం మోస్తాం, భరిస్తాం. 'భారం పొందడం' ఎక్కడి తెలుగు?

గుడివాడ:
దుఃఖం పొందాడు, ఆపద పొందాడు అనమా? అలాగే.

పెన్న ఒడ్డు:
నెల్లూరువాణ్ణి కాబట్టి తిక్కన దగ్గర నేను ఊరుకోలేను. మొదటి రెండు పాదాలు మాత్రమే చూసి కొట్టుకుంటున్నారు, నాలుగో పాదం చూడండి. 'ధర్మనిస్తారకము'. నిస్తారకం అంటే దాటించేది. రెండో పాదంలో ఒడ్డు చేరలేకపోయిన ధర్మాన్ని నాలుగో పాదంలో దైవం ఒడ్డుకు చేరుస్తోంది. భారము అని చదివితే నాలుగో పాదానికి పట్టు తప్పిపోతుంది. నడుమ 'చెడఁబాఱిన' కూడా ఉంది. పాఱడం అంటే ప్రవాహమే. పద్యమంతా ఏరే! పెన్నలో వరద చూసినవాడికే ఇలాంటి పద్యం వస్తుందని నా నమ్మకం.

అరసున్న:
పారము, నిస్తారకం జత ఒప్పుకుంటాను, బాగా పట్టుకున్నారు. 'చెడఁబాఱు' మాత్రం ఒకే మాట, చెడిపోవు అని అర్థం. దాన్ని ఏట్లోకి దించకండి.

పాత పుస్తకాలు:
ఏరు తిక్కన సొంతం కాదు. మూలమైన సంస్కృత భారతంలో కృష్ణుడు సభలో చెప్పే శ్లోకాలు చూడండి. "యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ, హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః". ఆ వెంటనే, నది తన ఒడ్డున మొలిచిన చెట్లను కూల్చినట్టు ధర్మం వాళ్ళను కూలుస్తుంది అంటాడు. 'యత్ర ధర్మో' శ్లోకం మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో కూడా ఉంది, అక్కడ న్యాయసభ గురించి. తిక్కన గొప్పతనం నాకు వేరేచోట కనిపిస్తుంది. మూలంలో ఉన్నది 'ప్రేక్షమాణానాం', అంటే చూస్తూ ఉన్నవాళ్ళు. తిక్కన దాన్ని 'ఉపేక్ష' చేశాడు. రెండింటిలోనూ ఉన్నది 'ఈక్ష' ధాతువే, చూడడమే. ఒక ఉపసర్గ మారింది, చూపు కాస్తా నేరమైంది. సభాసదులు పోయి 'దక్షులు' వచ్చారు. ఆ సభలో కూర్చున్నందుకు కాదు, ఆపగలిగి ఆపనందుకు తప్పు.

గుంటూరు టీచర్:
అట్ట మీదికి పద్యం కావాలంటే తిరుపతి వేంకట కవుల నాటకంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి అడిగే 'చెల్లియో చెల్లకో' ఉండగా ఇదెందుకు? "నీ పిల్లలుఁ బాపలుం బ్రజలు పెంపు వహింపఁగఁ బొందు సేసెదో, యెల్లి రణంబె కూర్చెదవొ". గాజా వార్తల్లో ఆ పసిబిడ్డలను చూశాక ఈ 'పిల్లలుఁ బాపలుం' దగ్గర నా గొంతు పూడుకుపోతోంది, క్లాసులో చదవలేకపోయాను. ఊరూరా ఈ పద్యం రాగం తీస్తుంటే వన్స్‌మోర్లు కొట్టాం గానీ, అది సంధి కోరిన పద్యమని ఎంతమందిమి తలుచుకున్నాం?

ఓరుగల్లు:
టీచర్ గారూ, ఆ పద్యం యుద్ధం చేసేవాణ్ణి అడుగుతుంది. తిక్కన పద్యం పక్కన కూర్చున్నవాణ్ణి అడుగుతుంది. చెల్లి నిలబడింది పక్కన నడిచిపోయేవాళ్ళ ముందు, కాబట్టి తిక్కనదే సరి. ఇంకో సంగతి. తిక్కన కొలువున్న నెల్లూరు రాజు మనుమసిద్ధి గద్దె పోతే తిక్కనే రాయబారిగా మా ఓరుగల్లుకు, గణపతిదేవుడి దగ్గరికి వచ్చాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. రాజు కొలువులో నిలబడి మాట్లాడ్డం అంటే ఏమిటో తెలిసిన కవి అన్నమాట.

పెన్న ఒడ్డు:
అన్నా, వచ్చింది సైన్యం సాయం అడగడానికి, సంధికి కాదు. ఆ తేడా ఉండనివ్వండి.

లండన్ తెలుగు:
'ప్రేక్ష', 'ఉపేక్ష' చదివాక నాకు వేరే టెన్షన్ పట్టుకుంది. మేమూ అక్కడ ఏమీ మాట్లాడం. కౌరవసభలో పెద్దలదీ మౌనమే, మాదీ మౌనమే.

పాత పుస్తకాలు:
రెండూ ఒకటి కాదమ్మా. 1988 జనవరిలో జెరూసలేంలో ఇది మొదలుపెట్టిన ఇజ్రాయెలీ ఆడవాళ్ళు శుక్రవారం నడివీధి కూడలిలో, చెయ్యి ఆకారంలో కోసిన నల్ల అట్టల మీద 'ఆక్రమణ ఆపండి' అని రాసి నిలబడ్డారు. దారినపోయేవాళ్ళు వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టారు. 1991 అక్టోబరులో బెల్‌గ్రేడ్‌లో కొందరు ఆడవాళ్ళు తమ ప్రభుత్వం చేస్తున్న యుద్ధానికి ఎదురుగా అలాగే నిలబడ్డారు. భీష్ముడు తలదించుకుని ఊరుకున్నాడు, వీళ్ళు తలెత్తి ఊరుకున్నారు. ఉపేక్ష అంటే చూపు తిప్పుకోవడం. మీరు ఎదుటివాడి చూపు తిప్పుకోనివ్వకుండా నిలబడుతున్నారు. మీ వెనకున్న విగ్రహం దిమ్మ మీద ఏముందో చదివే ఉంటారు.

లండన్ తెలుగు:
చదివాను. దేశభక్తి ఒక్కటే చాలదు, నాకు ఎవరిమీదా ద్వేషం గానీ కసి గానీ ఉండకూడదు అని. 1915లో కాల్చి చంపేముందు ఆ నర్సు అన్న మాట. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే వెనక్కి తిరిగి దాన్నే చదువుకుంటూ నిలబడ్డాను.

గుడివాడ:
దక్షులెవరో ఎవరూ తేల్చలేదు. నా మటుకు నాకు, ఓటున్న ప్రతివాడూ దక్షుడే.

అరసున్న:
దక్షుడంటే సమర్థుడు. ఓటుతో యుద్ధం ఆగుతుందా? ఆయుధాలు అమ్మేవాళ్ళు, ఐక్యరాజ్యసమితిలో వీటో చేతిలో ఉన్నవాళ్ళు, వాళ్ళు దక్షులు.

ఓరుగల్లు:
మరి వాళ్ళకు ఓటేసింది ఎవరన్నా?

లండన్ తెలుగు:
నిన్న రాత్రి అట్ట మీద రాశాను. 'బారముఁ' అనే రాశాను, చదివేటప్పుడు మాత్రం నోటికి తాతయ్య వత్తే వస్తోంది, మార్చుకోలేకపోతున్నాను. అట్ట చాల్లేదు. మూడు పాదాలు జనం వైపు పట్టాయి, 'దైవ ముండెడున్' ఉన్న నాలుగోది వెనక, నా వైపు రాసుకున్నాను.

అరసున్న:
అలా వద్దమ్మా. మూడో పాదం 'ధర్మని' దగ్గర ఆగుతుంది, 'స్తారక' అవతల పడుతుంది. మాట మధ్యకు విరిగిపోతుంది. 'వారల చేటగు' దగ్గర ఆపేయండి.

లండన్ తెలుగు:
'గాని' కూడా తీసేస్తాను. 'చేటగుఁ' అని అరసున్నతోనే ఉంచనా?

అరసున్న:
ఆ అరసున్న వెనక 'గాని' ఉండబట్టి వచ్చింది. అక్కడ ఆపితే 'చేటగున్' అని పొల్లు రాయాలి.