టీ పొడి నుంచి తీసిన కెఫీన్ మేయర్ పరీక్షలో అవక్షేపం ఇవ్వడం లేదు

చెన్నై_ఫార్మసీ:
10 గ్రాముల టీ పొడి నుంచి తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. మెల్టింగ్ పాయింట్ 235 డిగ్రీలు. విలీన హెచ్‌సీఎల్‌లో కరిగించి మేయర్ రియేజెంట్ (ఆల్కలాయిడ్‌లను, అంటే మొక్కల్లోని నత్రజని ఉన్న క్షార పదార్థాలను గుర్తించే ద్రావణం) వేస్తే మాత్రం అవక్షేపం రాలేదు. ఇది కెఫీన్ కాదా? టీ కషాయం నుంచి కెఫీన్‌ను లాగడానికి డైక్లోరోమీథేన్ ద్రావకం కలిపినప్పుడు మధ్యలో జిగట పొర కూడా ఒకటి నిలిచిపోతోంది. పైగా వైవాలో కెఫీన్ ఏ అమైనో ఆమ్లం నుంచి పుడుతుందని అడుగుతారట. ఏం చెప్పాలండీ?

బిళ్ళగన్నేరు:
పారేయకండి, అది కెఫీనే అయ్యుంటుంది. ఆల్కలాయిడ్ ప్రోటాన్ తీసుకుని ధన అయాన్ అయితేనే మేయర్ రియేజెంట్‌లోని పాదరసం-అయోడైడ్ ఋణ అయాన్‌తో కలిసి కరగని లవణంగా దిగుతుంది. క్వినైన్ సులువుగా ప్రోటాన్ తీసుకుంటుంది. కెఫీన్ తీసుకోదు: నాలుగు నత్రజనుల్లో మూడింటి ఎలక్ట్రాన్ జంటలు వలయంలోనే పంచుకుపోయాయి, మిగిలిన 9వ నత్రజనిని రెండు కార్బొనిల్‌లు బలహీనం చేశాయి. దాని సంయుగ్మ ఆమ్లం పీకేఏ 0.6 దగ్గరే, అంటే కెఫీన్ చాలా బలహీన క్షారం.

కెఫీన్ లాంటి వాటిని రంగుతో గుర్తించే మ్యూరెక్సైడ్ పరీక్ష చేయండి. పింగాణీ గిన్నెలో చిటికెడు స్ఫటికాలు, రవ్వంత పొటాషియం క్లోరేట్, కొన్ని చుక్కల గాఢ హెచ్‌సీఎల్ వేసి వాటర్ బాత్ మీద ఇగరనివ్వాలి. ఆ మడ్డికి అమ్మోనియా ఆవిరి తగిలితే ఊదా రంగు వస్తుంది. క్లోరిన్ వాయువులు వెలువడతాయి, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. కెఫీన్‌కు దగ్గరి బంధువైన థియోబ్రోమిన్ కూడా ఇదే రంగు ఇస్తుంది గానీ అది 350 డిగ్రీలకు పైనే కరుగుతుంది కాబట్టి మీకు ఆ అనుమానం అక్కర్లేదు.

జాంతోసిన్:
వైవా ప్రశ్నలోనే మెలిక ఉంది. మార్ఫిన్‌కు టైరోసిన్ ఉన్నట్టు కెఫీన్‌కు ఫలానా అమైనో ఆమ్లం అంటూ లేదు. జాంతోసిన్‌తో (జాంతీన్ అనే వలయానికి రైబోస్ చక్కెర అతికిన అణువు) మొదలుపెట్టి చెప్పండి: ముందు 7వ నత్రజనికి మిథైల్, తర్వాత రైబోస్ ఊడిపోవడం, 3వ చోట మిథైల్ చేరి థియోబ్రోమిన్, చివరికి 1వ చోట చేరి కెఫీన్. మూడు మిథైల్‌లూ కణాల్లో మిథైల్ అందించే ఎస్-అడినోసిల్ మిథియోనిన్ ఇచ్చినవే. కాఫీ, టీ మొక్కల్లో ఈ మిథైల్ చేర్చే ఎంజైములు విడివిడిగా పరిణమించాయి. నాకు ఈ అంశంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

కషాయం:
ఆ జిగట పొర ఎమల్షన్, అంటే నీళ్లు, ద్రావకం సన్నటి చుక్కలుగా కలిసి విడిపోనిది. కషాయంలో వేసే సోడియం కార్బొనేట్ వల్ల టానిన్లు (టీలోని వగరు పదార్థాలు) లవణాలై నీళ్లలో ఉండిపోతాయి, మనకు కావలసిందీ అదే. కానీ అవే సబ్బులా కూడా పనిచేస్తాయి. సెపరేటింగ్ ఫన్నెల్‌ను కుదపకుండా మెల్లగా తిప్పండి, అప్పటికీ విడకపోతే కాస్త ఉప్పు వేయండి. 100 మి.లీ. కషాయానికి 20 మి.లీ. డైక్లోరోమీథేన్ చొప్పున మూడుసార్లు కలిపి, ప్రతిసారీ కింది పొర పట్టుకోవాలి. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. కషాయం బాగా చల్లారాకే పోయండి, చెన్నై ఎండల్లో అయితే ఐస్‌లో పెట్టి చల్లార్చండి. తిప్పిన ప్రతిసారీ కుళాయి తెరిచి గ్యాస్ వదలాలి. ఆరబెట్టడానికి వాడే సోడియం సల్ఫేట్ ఇక్కడి తేమకు గడ్డకట్టి ఉంటే ఓవెన్‌లో ఎండబెట్టాకే వేయండి.