పాత రౌటర్ డిస్క్ ‘నెట్‌వర్క్’లో కనపడాలంటే ఎస్ఎంబీ1 ఆన్ చేయాల్సిందేనా?

నైట్‌షిఫ్ట్:
ఆఫీసులో పాత రౌటర్‌కి యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి అందరం ఫైళ్లు అందులోనే పెట్టుకుంటున్నాం. విండోస్ 7 ఉన్నన్నాళ్లూ ‘నెట్‌వర్క్’ తెరవగానే రౌటర్ పేరు కనపడేది. సిస్టమ్స్ విండోస్ 10కి మార్చాక అక్కడ ఖాళీ. పింగ్ వెళ్తోంది, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్‌లోనే ఉంది, ఫైర్‌వాల్ ఆపి చూసినా అంతే. ఎస్ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతిలో పాత వెర్షన్) ఆన్ చేయమని ఒకరంటారు, చేస్తే కొంప మునుగుతుందని ఇంకొకరంటారు. ఏం చేయమంటారు?

పాతరౌటర్:
ఆన్ చేయండి. విండోస్ ఫీచర్స్‌లో ఎస్ఎంబీ 1.0 కింద క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్ అని మూడు ఉంటాయి. క్లయింట్‌కి (వేరే చోటి ఫైళ్లు తెరిచే వైపు) మాత్రమే టిక్ పెట్టండి. రిమూవల్ టిక్ తీసేయండి, లేకపోతే 15 రోజులు వాడకపోయేసరికి క్లయింట్ దానంతటదే పోతుంది. రీస్టార్ట్ చేశాక వెంటనే పేరు రాలేదని కంగారు పడొద్దు. పాత బ్రౌజింగ్ పద్ధతిలో మెషీన్లు 12 నిమిషాలకోసారి ‘నేనున్నాను’ అని చెప్పుకుంటాయి.

పోర్ట్445:
దయచేసి ఆ పని చేయకండి. 2017 మే నెలలో ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకింది ఎస్ఎంబీ1 లోపం పట్టుకునే. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెడుతూ వచ్చింది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ‘తాత్కాలికంగా’ అని ఒక సిస్టమ్‌లో ఆన్ చేశారు. అది అలాగే ఉండిపోయింది. ఒకరోజు పొద్దున వచ్చేసరికి షేర్‌లో ఉన్న ఫైళ్లన్నీ లాక్ అయ్యాయి. ఆన్ చేయమన్నది మేనేజర్. మెమో వచ్చింది నా పేరు మీద.

పాతరౌటర్:
వానాక్రై దెబ్బ కొట్టింది సర్వర్ వైపు, అంటే ఫైళ్లు పంచే వైపు. నేను పెట్టమన్నది క్లయింట్ టిక్. రెండూ ఒకటేనా? నేను రాసింది చదివి జవాబివ్వండి సార్.

బిట్టు_నెట్:
మాకూ ఇదే సమస్య. ఫాలో అవుతున్నా.

పోర్ట్445:
చదివే రాశాను. క్లయింట్ ఒక్కటే ఆన్ చేసినా, మధ్యలో దూరినవాడు కనెక్షన్‌ని పాత పద్ధతికి దించే దారి తెరిచినట్టే. సరే, మన సిస్టమ్ సంగతి అలా ఉంచండి, రౌటర్ సంగతేంటి? అందులో నడిచేది పాత సాంబా, అంటే రౌటర్ తరఫున ఫైళ్లు పంచే ప్రోగ్రామ్. 2017 మేలోనే సాంబాలో కూడా పెద్ద లోపం బయటపడింది. 3.5.0 నుంచి ప్యాచ్ పడని ప్రతి వెర్షన్‌కీ అది వర్తిస్తుంది. రాసే హక్కున్న షేర్ ఒకటి దొరికితే చాలు, బయటివాడు తన కోడ్ నడిపించుకోవచ్చు. కంపెనీ వదిలేసిన రౌటర్‌కి ఆ ప్యాచ్ ఎవరిస్తారు?

కేబుల్‌కత్తెర:
ఒక్క నిమిషం. నైట్‌షిఫ్ట్ గారు అడిగింది పేరు కనపడటం గురించి, మీరు కొట్టుకుంటున్నది ఫైళ్లు తెరవడం గురించి. ముందు అసలు తేడా ఎక్కడుందో తేల్చండి. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో \\192.168.1.1 కొట్టి ఎంటర్ నొక్కండి (మీ రౌటర్ అడ్రస్ వేరైతే అది). షేర్ తెరుచుకుంటే లోపం డిస్కవరీలోనే. ‘ఈ షేర్‌కి కాలం చెల్లిన ఎస్ఎంబీ1 కావాలి’ అనే అర్థంతో మెసేజ్ వస్తే మాత్రం రౌటర్‌కి అంతకన్నా కొత్తది మాట్లాడటం రాదు, లేదా వచ్చినా సెట్టింగ్‌లో ఆపేసి ఉంది.

పేరు కనపడకపోవడానికి కారణం వేరు. విండోస్ పాత పద్ధతిలో పేర్ల లిస్ట్‌ని తెచ్చుకునేదే ఎస్ఎంబీ1 మీదుగా. అది లేకపోతే రౌటర్ ఎన్నిసార్లు అరిచినా లిస్ట్‌లోకి రాదు. విండోస్ ఇప్పుడు వెతికేది డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే వేరే పద్ధతితో, అంటే యూడీపీ 3702 పోర్ట్, 239.255.255.250 మల్టీకాస్ట్ అడ్రస్. రౌటర్‌లో దానికి జవాబిచ్చే ప్రోగ్రామ్ ఉండాలి. కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కించగలిగితే డబ్ల్యూఎస్‌డీడీ2 అనే ప్యాకేజీ దొరుకుతుంది.

నైట్‌షిఫ్ట్:
కొట్టి చూశాను. మీరన్న ఎస్ఎంబీ1 మెసేజే వచ్చింది. రౌటర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి చూస్తే సాంబా 3.6 అని ఉంది. ఈ మోడల్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లేదు.

పాతరౌటర్:
చూశారుగా. ఎస్ఎంబీ1 లేనిదే డిస్క్ తెరుచుకోదు. మొదటి నుంచి నేను చెబుతున్నది అదే.

కేబుల్‌కత్తెర:
అలా కాదు. 3.6కి ఎస్ఎంబీ2 వచ్చు, మామూలుగా ఆపేసి ఉంటుంది, అంతే. సాంబా సెట్టింగ్స్ ఫైల్ ఎస్ఎంబీ డాట్ కాన్ఫ్‌లో గ్లోబల్ సెక్షన్ కింద ‘మ్యాక్స్ ప్రోటోకాల్’ విలువ ఎస్ఎంబీ2 అని పెట్టి సాంబా రీస్టార్ట్ చేయండి. రౌటర్ రీబూట్ అయితే ఆ ఫైల్ మళ్లీ మొదటికి వచ్చే అవకాశం ఉంది, అదొకటి చూసుకోండి.

పోర్ట్445:
ఎస్ఎంబీ2 ఆన్ చేసినంత మాత్రాన సాంబాలోని లోపం పోదు. ఆ రౌటర్‌ని మార్చాల్సిందే.

పాతరౌటర్:
వచ్చేశారు ‘మార్చాల్సిందే’ అని! ఎవరు కొంటారు సార్? నిక్షేపంలా పనిచేస్తున్న పెట్టెని, కంపెనీ ఫర్మ్‌వేర్ ఇవ్వడం మానేసిందని చెత్తలో పడేయాలా? మీలాంటి వాళ్లు ఇక్కడ సలహా ఇచ్చి వెళ్లిపోతారు. రేపు పొద్దున అకౌంట్స్ వాళ్లు ‘డిస్క్ కనపడట్లేదు’ అని ఫోన్ చేసేది మాకు. మా దగ్గర ఒక అప్‌డేట్ పడి ఎస్ఎంబీ1 పోయిన రోజు, బిల్లులు ఆగిపోయాయని అందరి ముందూ మాట పడింది నేను. మైక్రోసాఫ్ట్‌ని ఎవరూ ఏమీ అనలేదు.

పోర్ట్445:
నేను సలహా ఇచ్చి వెళ్లిపోయే మనిషిని కాదు, మెమో తీసుకున్నవాణ్ణి. నా బాధ మీకు ఇప్పటికీ అర్థం కాలేదు. పాతది వాడాలని నిర్ణయించేది పైవాళ్లు. కొత్తది అడిగితే ‘ఇంకా పనిచేస్తోందిగా’ అంటారు. మనం ఏదో టిక్ పెట్టి నడిపించేస్తాం. నడిచినంత కాలం ఆ టిక్ ఎవరికీ గుర్తుండదు, మునిగిన రోజు అది పెట్టిందెవరని వెతుకుతారు. అందుకే వద్దంటున్నా. మీరు ఓపికగా సర్దుబాటు చేసిన ప్రతిసారీ కొత్తది కొనాల్సిన అవసరం వాళ్లకి కనపడకుండా పోతోంది.

పాతరౌటర్:
ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. అయినా ఒప్పుకోను. సర్దుబాటు చేయకపోతే నష్టపోయేది పైవాళ్లు కాదు, ఆ రోజు పని ఆగిపోయిన క్లర్కు.

బిట్టు_నెట్:
పైవాళ్లకి మెయిల్‌లో రాసిపెట్టి, ఆ తర్వాత సర్దుబాటు చేస్తే రెండూ అయినట్టేగా?

పోర్ట్445:
రాస్తే సరే. రాయరు కాబట్టే ఇంత చెబుతున్నా.

నైట్‌షిఫ్ట్:
మ్యాక్స్ ప్రోటోకాల్ మార్చాను. అడ్రస్ కొడితే డిస్క్ తెరుచుకుంటోంది. పవర్‌షెల్‌లో గెట్-ఎస్ఎంబీకనెక్షన్ ఇస్తే డయలెక్ట్ కింద 2.02 (అంటే ఎస్ఎంబీ2) అని చూపిస్తోంది. ఎస్ఎంబీ1 ముట్టుకోలేదు. ‘నెట్‌వర్క్’లో పేరు ఇంకా రాలేదు, అందరి డెస్క్‌టాప్ మీదా షార్ట్‌కట్ పెట్టేశాను. ఒక్క కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మాత్రం లోపలికి రానివ్వడం లేదు.

కేబుల్‌కత్తెర:
విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అయి ఉంటుంది. అందులో ఎస్ఎంబీ సైనింగ్ (మధ్యలో ఎవరూ మార్చలేదని తెలిసేలా ప్రతి మెసేజ్‌కీ సంతకం) తప్పనిసరి చేశారు, పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌తో సైనింగ్ కుదరదు. రౌటర్‌లో యూజర్, పాస్‌వర్డ్ పెట్టి ప్రయత్నించండి.

పాతరౌటర్:
పాస్‌వర్డ్ పెట్టండి కానీ ల్యాప్‌టాప్‌లో సైనింగ్ ఆపేయకండి. ఇందులో నాదీ పోర్ట్445 గారి మాటే.

పోర్ట్445:
నైట్‌షిఫ్ట్ గారూ, ఆ మెయిల్ పంపారా?