సమస్య: "పాము చుట్టఁగ మూలుగు బండి మానె"

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. పాము చుట్టుకుంటే మూలుగు మొదలవ్వాలి గానీ మానడమేమిటి? అదే మీ పని. పురాణాల వైపు పోకుండా, ఇంట్లో చేసిన రిపేరుతో పూరించండి.

డాలస్ తమ్ముడు: మాది 2005 హోండా. స్టీరింగు తిప్పితే చాలు, దూడ అరిచినట్టు మూలుగు. శనివారం నేనే పవర్ స్టీరింగ్ పంపు మార్చాను.

పాత పంపును విప్పి నేఁ బారవేసి
కొత్త దానిని బిగియించి నట్లు వేసి
నూనె నింపితి, నల్లని నునుపు బెల్టు
పాము చుట్టఁగ మూలుగు బండి మానె

గుంటూరు మాస్టారు: బెల్టు పాము! భేష్. దాన్ని సర్పెంటైన్ (అంటే పాములాంటి) బెల్టనే అంటారు కనుక రూపకం మరీ అతికింది. రెండో పాదంలో ‘కొ’కు ‘న’తో యతి చెల్లదు. "బిగియించి గొట్టములకు" అనండి, గణాలు చెడవు. ‘నునుపు’ యతి కోసం వచ్చింది గానీ, బెల్టు నిజంగా నునుపు తేలితే జారి కీచుమంటుంది. ‘నూత్న బెల్టు’ అంటే సరి. సంస్కృత పదానికి పరభాషా పదం అతికించిన వైరిసమాసమంటారా, గ్యారేజీలో చెల్లుతుంది లెండి.

ఆటోనగర్ అక్క: పారవేయకు తమ్ముడూ! పాత పంపు షాపులో ఇస్తే మీ అమెరికాలో కోర్ డిపాజిట్ (పాత భాగం కోసం ముందే పట్టుకున్న సొమ్ము) తిరిగిస్తారుగా. "నేఁ బక్కనుంచి" అను, యతీ నిలుస్తుంది, డబ్బూ నిలుస్తుంది. అసలు నూనెలో చేరిన గాలి తీయందే మూలుగు ఎలా మానింది? నా పూరణ:

ముందు చక్రాల నెత్తి, కీ ముట్టకుండ
గాలి పోవగ నిరువైపు కడకుఁ దిప్పి
బుడగ లడగిన పిమ్మటఁ బొడుగు బెల్టు
పాము చుట్టఁగ మూలుగు బండి మానె

మాస్టారు: యతులు నాలుగూ కుదిరాయి. "చక్రాల నెత్తి" అని చదివితే మాత్రం చక్రాలకు తల ఉన్నట్టుంది! ఎత్తేటప్పుడు ఒక్క జాకీని నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టాలన్న మాటకు ఐదో పాదం కావాలి.

డాలస్ తమ్ముడు: దొరికిపోయాను అక్కా. గాలి తీయకుండానే స్టార్ట్ చేశాను. డబ్బాలో నూనె పాలపొంగులా నురగెత్తింది, మూలుగు రెట్టింపైంది. ఇంజను ఆపి, నురగ దిగేదాకా కూర్చుని, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవైసార్లు తిప్పాక నిజంగా మానింది. అన్నట్టు ముందు తెచ్చింది ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె) సీసా. హోండాకు దాని సొంత నూనే పోయాలని పంపు విప్పాక తెలిసి, చేతులకు గ్రీజుతోనే మళ్లీ షాపుకు పరిగెత్తాను. ఆ కారు కదలదుగా, పక్కింటాయన సైకిల్ మీద.