కంచు గుర్రం వెనక కాలి నుంచి తుప్పునీళ్లు కారుతున్నాయి, కాలు మొత్తం కోసేయకుండా బాగుచేసే దారి ఉందా?

మహబూబ్‌నగర్‌లో ఒక పార్కులో ఉన్న శివాజీ విగ్రహం సంగతి. లోపల బోలుగా పోత పోసిన కంచు, 9 అడుగుల ఎత్తు, 6 అడుగుల గ్రానైట్ దిమ్మె. గుర్రం ముందు కాళ్లు రెండూ గాలిలో ఉన్నాయి. బరువంతా వెనక కాళ్ల మీద, తోక మీదే. ఆ మూడింటిలోనూ మైల్డ్ స్టీల్ (మామూలు ఇనుప) పైపులున్నాయి.

వాన వెలిసిన నాలుగైదు రోజుల దాకా ఎడమ వెనక గిట్టకు జానెడు పైన, వెల్డింగ్ అతుకు దగ్గర ఎర్రటి నీళ్లు ఊరుతున్నాయి. కంచుకు పట్టేది పచ్చ చిలుము, ఎర్ర తుప్పు కాదు. అంటే పోయేది లోపలి ఇనుమే. తడిలో కంచును ఆనుకున్న ఇనుము ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. అతుకు వెంట 4 సెంటీమీటర్ల చీలిక కూడా వచ్చింది. తుప్పు ఉబ్బి తోస్తున్నట్టుంది. చెక్క సుత్తితో తడితే కుడి కాలు ఖంగుమంటుంది, ఎడమది మొద్దుగా మోగుతుంది.

మొదట చీలికకు ఎపాక్సీ పుట్టీ (ఆరితే గట్టిపడే ముద్ద) పెట్టాం. అదే తప్పు, నీళ్లు లోపలే నిలిచిపోయాయి. పుట్టీ తీసేసి, పొట్ట కింద 8 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే లీటరున్నర దిగింది. పై నుంచి నీళ్లు దిగకుండా జీను అతుకులకు మైనం పట్టించాం. అయినా కాలిలో ఊట ఆగలేదు.

విగ్రహాన్ని దిమ్మె మీద నుంచి దించకుండా, కాలికి కిటికీలా కోసి ఆ పైపు తీసి 316 రకం (తుప్పును బాగా తట్టుకునే) స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్డు వేసినవాళ్లు ఉంటే, ఆ పని నడిచినంతసేపు గుర్రం బరువును ఎక్కడ, దేనితో ఆపారు?