స్లో కుక్కర్ కొనాలా వద్దా? ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇంట్లో దానికి పనుందా?

మద్దిలపాలెం నర్సు

నేను ఆసుపత్రిలో నర్సుని. వారంలో నాలుగు రోజులు మధ్యాహ్నం డ్యూటీ, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మా ఆయన ఎనిమిదింటికి వస్తారు, అన్నం పెట్టడం వచ్చు గానీ కూర దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు, పిల్లలిద్దరూ అప్పటికే ఆకలి ఆకలి అంటూ బిస్కెట్లు తినేసి ఉంటారు. పోయిన నెల లెక్క చూసుకుంటే వారానికి మూడు పూటలు బయటి తిండే. మూడున్నర లీటర్ల స్లో కుక్కర్ (కరెంటు మీద సన్నని వేడితో గంటల తరబడి ఉడికించే కుండ) కొందామంటే మా అత్తయ్య గారు, మూడు విజిల్స్‌కి ఉడికేదాన్ని ఎనిమిది గంటలు ఉడకబెట్టడమెందుకు అంటున్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనపడట్లేదు, కానీ నా ఇబ్బంది కూడా నిజమే. వాడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

గాజువాక సి షిఫ్ట్

వద్దండీ. మా ఇంట్లో వంట సగం నాదే, ఆ అనుభవంతోనే చెప్తున్నాను. ప్రెషర్ కుక్కర్‌లో వేడి దగ్గర దగ్గర 120 డిగ్రీలకి వెళ్తుంది కాబట్టే కందిపప్పు పావుగంటలో మెత్తబడుతుంది. స్లో కుక్కర్‌లో మరుగు కూడా సరిగ్గా రాదు. పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు పప్పో పులుసో చేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేస్తే రాత్రికి మీ ఆయన వేడి చేసుకుంటారు. దానికి కొత్త వస్తువు అక్కర్లేదు. ఇంకోటి, ఇంటికి తాళం వేసి ఎనిమిది గంటలు కరెంటు వస్తువు ఆన్‌లో వదిలి వెళ్ళడం నాకైతే మనసొప్పదు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ టెన్షనే.

మధురవాడ రెండో అంతస్తు

గాజువాక అన్నయ్యా, మీరు ఉడికే టైము చెప్తున్నారు, ఆవిడ అడుగుతున్నది మనిషి స్టవ్ దగ్గర ఉండాల్సిన టైము గురించి. ఈ రెండూ ఒకటి కావు. కుక్కర్ పెట్టాక విజిల్స్ లెక్కపెట్టాలి, మంట తగ్గించాలి, ఆవిరి దిగేదాకా ఆగాలి. ఇరవై నిమిషాలే కానీ ఆ ఇరవై నిమిషాలూ వంటింట్లోనే ఉండాలి. పొద్దున్న పిల్లల టిఫిను, క్యారేజీలు, స్నానాలు అన్నీ కలిసి మీద పడే వేళలో ఆ ఇరవై నిమిషాలే దొరకవు. స్లో కుక్కర్‌కి కావాల్సింది పది నిమిషాల కోత, అంతే.

కరెంటు సంగతి: మాది 200 వాట్లది, ఎనిమిది గంటలకి 1.6 యూనిట్లు.

ఆదివారం మటన్ నేను ఇలా చేస్తాను. అరకిలో ముక్కలు ఎముకతో సహా, శనివారం రాత్రే ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున్న మూకుట్లో నూనె వేసి ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అందులోనే మటన్ ఐదు నిమిషాలు తిప్పుతాను. ఈ పని మాత్రం ఎగ్గొట్టకండి. ఎగ్గొడితే కూర తెల్లగా, ఆసుపత్రి సూప్‌లా వస్తుంది. తర్వాత అంతా కుండలోకి మారుస్తాను, అన్నిటికన్నా అడుగున బంగాళదుంపలు (స్లో కుక్కర్‌లో దుంప మాంసం కన్నా మొండిది, వేడి తగిలే చోటే ఉండాలి), నీళ్ళు అర గ్లాసు. ‘లో’ (తక్కువ వేడి) మీద ఏడెనిమిది గంటలు. మధ్యలో మూత తీయకూడదు. ఒక్కసారి తీస్తే పోయిన వేడి మళ్ళీ రావడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. సాయంత్రం గరిటె పెడితే ఎముక నుంచి మాంసం జారిపోతుంది, మూలుగ అలాగే ఉంటుంది. కుక్కర్‌లో అయిదు విజిల్స్ పెట్టినా నాకు ఆ మెత్తదనం ఎప్పుడూ రాలేదు.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే మాత్రం వద్దనండి. అక్కడివి 120 వోల్టులవి, ఇక్కడి 230కి నేరుగా పెడితే కాలిపోతాయి.

పెదవాల్తేరు పెద్దమ్మ

అమ్మాయ్, నేను పెద్దదాన్ని, నా మాట కూడా విను. మన కూరలకి పేర్లు పెట్టింది అవి అయ్యే తీరుని బట్టి. ఇగురు అంటే నీళ్ళు ఇగిరిపోవాలి, వేపుడు అంటే వేగాలి. మూత బిగించిన ఆ కుండలో ఆవిరి పైకి లేచి మళ్ళీ అందులోనే పడుతుంది, ఒక్క చుక్క బయటికి పోదు, మరి ఇగిరేదెక్కడ? దొండకాయ వేపుడు రాదు, వంకాయ అల్లం పచ్చిమిర్చి కూర రాదు. ఆనపకాయ ఎనిమిది గంటలు పెట్టావంటే ముద్ద కూడా మిగలదు. పనసపొట్టు కూరకి ఆవ పెట్టడం, పప్పుకి తాలింపు వెయ్యడం ఎలాగూ స్టవ్ మీదే కదా. ఉలవచారు దీంట్లో బాగుంటుందని ఎవరో ఎక్కడో రాస్తే చదివాను. ఉలవకట్టు చిక్కబడేదాకా మరిగిస్తేనే అది చారు, లేకపోతే ఉలవలు కడిగిన నీళ్ళు.

అయితే నెమ్మదిగా కాగితే రుచి రాదని మాత్రం అనను. మా అమ్మ వాళ్ళ ఊళ్ళో దాలి ఉండేది. నేలలో గుంట, అందులో పిడకల నిప్పు, దాని మీద మట్టికుండలో పాలు. పొద్దున్న పెడితే సాయంత్రానికి పాలు లేత ఎరుపు తిరిగి, మీద అరంగుళం మందాన మీగడ కట్టేది. వేలితో అంచు దగ్గర లేపితే చాప చుట్టలా ఒక్క ముక్కగా వచ్చేది. ఆ పెరుగు రుచి ఇప్పటి పాలకి రాదు. కనుక నీకు కావాల్సింది పులుసులు, మాంసం అయితే కొనుక్కో. రోజూ తినే కూరల కోసం అయితే డబ్బు దండగ.

మధురవాడ రెండో అంతస్తు

పెద్దమ్మ గారూ, ఇగురు మాట ఒప్పుకుంటున్నాను. నేను చివర అరగంట మూత తీసి హై మీద పెడతాను, కొంత చిక్కబడుతుంది కానీ ఇగురు అనిపించుకోదు. దాలి సంగతి చదివాక ఒకటి గుర్తొచ్చింది. ఈ స్లో కుక్కర్ పుట్టింది కూడా అలాంటి కుండ నుంచే. యూదులకి శనివారం పొయ్యి ముట్టించడం నిషిద్ధం కాబట్టి శుక్రవారం సాయంత్రమే గింజలు, మాంసం కుండలో పెట్టి రొట్టెలు కాల్చే బట్టీలో వదిలేసేవాళ్ళు. లిథువేనియాలో తమ వాళ్ళు అలా వండేవాళ్ళని ఇంట్లో విన్న ఇర్వింగ్ నాక్సన్ కరెంటు కుండ తయారుచేశాడు, 1940లో పేటెంటు వచ్చింది. 1971లో క్రాక్ పాట్ పేరుతో మార్కెట్లోకి వచ్చాక, ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళ వల్లే అమెరికాలో అంత అమ్ముడైంది. అంటే నర్సు గారి లాంటి వాళ్ళే.

సీతమ్మధార టీచరు

రుచి గురించి అందరూ చెప్పారు, నేను కడుపు గురించి చెప్తాను. రాజ్మా మాత్రం పచ్చిగా నేరుగా స్లో కుక్కర్‌లో వెయ్యకండి. ఎర్ర రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, గట్టిగా మరిగితేనే చస్తుంది. 80 డిగ్రీల దగ్గర నెమ్మదిగా ఉడికితే చావదు సరికదా, పచ్చి గింజల కన్నా ఎక్కువ హాని చేస్తుంది. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో స్టవ్ మీద అరగంట కళపెళా మరిగించి అప్పుడు వేయండి. కందిపప్పుకి ఈ గొడవ లేదు. కానీ చింతపండు ముందే వేస్తే పులుపుకి పప్పు బిగుసుకుపోయి ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది. పప్పు మెదిగాకే పులుపు.

ఫ్రీజర్‌లోంచి తీసిన చికెన్ గడ్డ అలాగే వెయ్యకూడదు, వేడెక్కేలోపే చెడిపోతుంది. కొబ్బరిపాలు, పెరుగు చివర్లో పోయండి, ముందే పోస్తే విరుగుతాయి. వేడిగా ఉన్న కుండలో చన్నీళ్ళు పోస్తే పింగాణీ పగులుతుంది.

గాజువాక సి షిఫ్ట్

టీచరు గారూ, అసలు ప్రశ్న మీరు కూడా దాటేశారు. మధ్యలో కరెంటు పోతే? ఇల్లు తాళం వేసి ఉంటుంది, ఒంటిగంటకి పోయి మూడున్నరకి వచ్చిందనుకోండి, రాత్రి మూత తీసేసరికి కూర వేడిగానే ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఇది మే నెలలో వైజాగ్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, గ్యాస్ స్టవ్ ఉంది కాబట్టే గంజన్నా తాగాం. ఇంట్లో వంట మొత్తం కరెంటు మీద పెట్టుకోవడం నాకు ఇప్పటికీ భయమే.

సీతమ్మధార టీచరు

భయం న్యాయమైనదే. రెండు గంటలు దాటి గోరువెచ్చగా ఉండిపోయిన మాంసాన్ని మళ్ళీ మరిగించినా నమ్మలేం, కొన్ని క్రిములు వదిలిన విషం మరిగినా పోదు. నేను ఒక పని చేస్తాను. మా ఓవెన్ మీద గడియారం కరెంటు పోయి వస్తే మళ్ళీ 12 నుంచి మొదలవుతుంది. ఇంటికి రాగానే ముందు అటు చూస్తాను, టైము తప్పుగా ఉంటే ఆ రోజు మాంసం పారేస్తాను. పారేసినప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, అయినా పారేస్తాను. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ, 200 వాట్లు అది తేలిగ్గానే లాగుతుంది. లేనివాళ్ళు రాత్రి పడుకునేముందు పెట్టుకుని పొద్దున్న తీయండి, ఇంట్లో మనుషులు ఉంటారు, ఫ్యాన్ ఆగితే మెలకువ వస్తుంది.

మద్దిలపాలెం నర్సు

అందరివీ రెండుసార్లు చదివాను. రాత్రి పెట్టడం అన్న మాట నాకు తట్టనే లేదు. మా బావగారి ఇంట్లో వాడకుండా అటకెక్కిన స్లో కుక్కర్ ఒకటి ఉంటే అడిగి తెచ్చాను, కొనకముందే చూద్దామని.

గురువారం రాత్రి పదిన్నరకి నానిన కందిపప్పు, రెండు టమాటాలు, పసుపు వేసి లో మీద పెట్టాను. పులుపు ముందు వద్దని టీచరు గారు చెప్పినా టమాటా సంగతి ఆలోచించలేదు. పొద్దున్న ఐదింటికి చూస్తే పప్పు మెత్తబడింది కానీ అక్కడక్కడ పలుకు తగిలింది. తాలింపు పెట్టి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాను, రాత్రి మా ఆయన వేడి చేసి పెట్టారు. అంటే గాజువాక అన్నయ్య చెప్పిన ఫ్రిజ్ దారే ఇది కూడా, తేడా ఏంటంటే పొద్దున్న ఆ ఇరవై నిమిషాలు నేను స్టవ్ దగ్గర నిలబడలేదు, చిన్నదానికి జడ వేశాను. రోజూ అది వాళ్ళ నాన్న దువ్విన జుట్టుతోనే బడికి వెళ్తుంది.

ఈ వారం టమాటా చివర్లో వేస్తాను. పెద్దమ్మ గారూ, పాలు కూడా పెట్టి చూద్దామనుకుంటున్నాను. దాలిలో పాలకి మూత పెట్టేవారా, తెరిచే ఉంచేవారా?

పెదవాల్తేరు పెద్దమ్మ

చిల్లులున్న మట్టి మూత పెట్టేవాళ్ళమమ్మా. పూర్తిగా మూస్తే మీగడ కట్టదు. నీ కుండ మీద మూత కొంచెం ఓరగా పెట్టు.